బాబు పాదం నీలంగా మారింది, ధమనిలో గడ్డ అంటున్నారు. హెపారిన్ ఎక్కిస్తున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి

గాజువాక_నాన్న
మంగళవారం, రాత్రి 11:20

నిద్ర పట్టక రాస్తున్నాను. మా బాబు పుట్టి ఆరు రోజులు. 33 వారాలకే కాన్పు అయింది, బరువు కిలో ఏడు వందల గ్రాములు. ఊపిరి సరిగ్గా తీసుకోలేకపోతున్నాడని పుట్టిన రోజే ఎన్‌ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో పెట్టారు. మాటిమాటికీ రక్తం పరీక్షలు చెయ్యాలి, ప్రతిసారీ గుచ్చలేమని బొడ్డులోంచి సన్నటి గొట్టం వేశారు.

నిన్న సాయంత్రం ఎడమ పాదం తెల్లగా పాలిపోయింది. కాసేపటికి వేళ్లు నీలంగా అయ్యాయి. సిస్టర్ చూసి డాక్టర్‌ని పిలిచారు, గొట్టం అప్పుడే తీసేశారు. రక్తం పారడం చూసే డాప్లర్ స్కానింగ్ చేసి తొడ మొదట్లో ధమనిలో రక్తం గడ్డ ఉందన్నారు. రాత్రి నుంచి హెపారిన్ ఎక్కుతోంది. ఈరోజు ఇంకో మాట అన్నారు. రంగు మారకపోతే గడ్డని కరిగించే గట్టి మందు గురించి ఆలోచించాలి, దానికి సంతకం పెట్టాల్సి ఉంటుంది, తలలో రక్తం కారే ప్రమాదం ఉంది అని.

ఇంత పసివాడికి రక్తం పలచబరిచే మందు ఇవ్వొచ్చా? మా అన్నయ్య హైదరాబాద్ తీసుకెళ్లిపోదాం అంటున్నాడు. అత్తగారు కాలికి కాపడం పెట్టనివ్వండి అని సిస్టర్లని బతిమాలుతున్నారు. నా భార్య ఆపరేషన్ కుట్లతో కింద వార్డులో ఉంది, తనకి ఇంకా పూర్తిగా చెప్పలేదు.

సీతమ్మధార_సుధ
మంగళవారం, రాత్రి 11:31

తమ్ముడూ, మా పాపకి ఇదే జరిగింది. ఇప్పుడు నాలుగేళ్లు, మెట్లు రెండేసి దూకుతుంది. దాన్ని పడుకోబెట్టి వచ్చి వివరంగా రాస్తాను. ముందు ధైర్యంగా ఉండు.

పెందుర్తి_మామ్మ
మంగళవారం, రాత్రి 11:38

ఎనిమిదో నెల బిడ్డా నాయనా? ఏడో నెలవాళ్లు దక్కుతారు గానీ ఎనిమిదో నెలవాళ్లు కష్టం అనేవారు మా రోజుల్లో. సింహాద్రి అప్పన్న చల్లగా చూడాలి. కాలు చల్లబడితే గోరువెచ్చటి ఆముదం రాసి మెల్లగా మర్దన చేస్తే రక్తం పారుతుంది కదా, అడిగి చూడు.

రాత్రిడ్యూటీ_నర్స్
మంగళవారం, రాత్రి 11:52

మామ్మగారూ, మీరు ప్రేమతోనే చెప్పారని తెలుసు, కానీ ఈ పని అస్సలు చెయ్యకూడదు. రక్తం అందని కాలికి వేడి తగిలితే చర్మం కాలిపోతుంది. వేడిని మోసుకెళ్లడానికి అక్కడ రక్తమే ఉండదు కదా. మర్దన చేస్తే గడ్డ ముక్కలై ఇంకా కిందికి పోవచ్చు.

మేము చేసేది దీనికి తిరగేసి ఉంటుంది. బాగున్న రెండో కాలికి వెచ్చటి గుడ్డ చుడతాం. ఒక కాలు వెచ్చబడితే శరీరం రెండో కాలి రక్తనాళాలని కూడా వదులు చేస్తుంది. పాలిపోయిన కాలిని మాత్రం తెరిచే ఉంచుతాం, రంగు కనపడాలి కాబట్టి. ఆ కాలికి బీపీ పట్టీ కట్టం, ఆ మడమ దగ్గర రక్తం కోసం గుచ్చం.

ఇంకో మాట. ఎనిమిదో నెల కంటే ఏడో నెల నయం అన్నది నిజం కాదు. కడుపులో ఒక్కో వారం గడిచే కొద్దీ బిడ్డకి మంచిదే. 33 వారాలు అంటే మా వార్డులో పెద్ద బిడ్డ కిందే లెక్క.

పెందుర్తి_మామ్మ
మంగళవారం, రాత్రి 11:58

తెలియక అన్నాను తల్లీ. వాళ్ల అత్తగారికి కూడా ఈ మాట చదివి వినిపించు నాయనా.

ఉక్కునగరం_మూర్తి
బుధవారం, ఉదయం 6:10

ఇది పక్కాగా ఆసుపత్రి తప్పు. గొట్టం వేసినవాళ్లే గడ్డ తెచ్చారు. ముందు కలెక్టరాఫీసులో ఫిర్యాదు పెట్టండి, తర్వాత మిగతావి.

పిల్లల_వైద్యుడు_వైజాగ్
బుధవారం, ఉదయం 7:05

గాజువాక_నాన్న గారూ, బిడ్డని నేను చూడలేదు కాబట్టి ఈ మందు వాడండి, అది ఆపండి అని చెప్పను. మీ డాక్టర్లు చెప్పేది అర్థం కావడానికి, మీరు వాళ్లని అడగాల్సినవి అడగడానికి రాస్తున్నాను.

మనం వాడుకలో అన్నిటినీ నరం అనేస్తాం. సెలైన్ పెట్టేదీ నరమే, తిమ్మిరెక్కేదీ నరమే. ఇక్కడి విషయం ధమని, అంటే గుండె నుంచి మంచి రక్తాన్ని కాలికి తీసుకెళ్లే రక్తనాళం. సిరలో గడ్డ కడితే రక్తం వెనక్కి పోలేక కాలు ఉబ్బుతుంది. ధమనిలో కడితే కాలికి రక్తమే చేరదు. పాలిపోతుంది, చల్లబడుతుంది, నాడి దొరకదు. అందుకే ధమనిలో గడ్డ అనగానే మేము గంటలు లెక్కపెట్టుకుంటాం.

బొడ్డుతాడులో రెండు ధమనులు, ఒక సిర ఉంటాయి. ధమనిలో వేసిన గొట్టం పొత్తికడుపులోని ధమనుల గుండా పైకి వెళ్లి, వెన్నెముక ముందు ఉండే పెద్ద ధమనిలో ఆగుతుంది. దాని కొసన గడ్డ ఏర్పడి ఒక ముక్క జారితే రక్తంతో పాటు కాలిలోకి పోతుంది. కిడ్నీకి వెళ్లే ధమనిలోకి కూడా పోవచ్చు. అప్పుడు బీపీ పెరుగుతుంది, మూత్రంలో రక్తం కనిపిస్తుంది. ఆ రెండూ చూస్తున్నారా అని అడగండి. పుట్టిన పిల్లల్లో ధమనిలో గడ్డలు ఎక్కువగా ఇలా గొట్టాల వల్లే వస్తాయి. ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, రక్తం చిక్కగా ఉండటం, తల్లికి షుగర్ ఉండటం తోడైతే అవకాశం ఇంకా పెరుగుతుంది.

చికిత్స ఎంతవరకు వెళ్లాలన్నది కాలికి ఎంత రక్తం అందుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒక్కోసారి గడ్డే ఉండదు, గొట్టం తగిలి ధమని బిగుసుకుపోతుంది. గొట్టం తీస్తే కొద్దిసేపట్లోనే రంగు వస్తుంది. కొందరు డాక్టర్లు ఆ చోట నైట్రోగ్లిసరిన్ పూత కూడా రాస్తారు, బీపీ పడిపోకుండా చూసుకుంటూ. గడ్డ ఉండి, పక్క నుంచి కొంతైనా రక్తం పారుతుంటే హెపారిన్. కాలు పోయే పరిస్థితి వస్తే టీపీఏ అనే కరిగించే మందు, లేదా ఆపరేషన్.

హెపారిన్ గడ్డని కరిగించదు. పెరగకుండా ఆపుతుంది, ఈలోపు శరీరమే మెల్లగా కరిగించుకుంటుంది. టీపీఏ పనిచేయడానికి ఒంట్లో ప్లాస్మినోజెన్ అనే పదార్థం కావాలి. పుట్టిన పిల్లల్లో అది పెద్దవాళ్లకన్నా చాలా తక్కువ. అందుకే చాలాసార్లు ముందు అది ఉండే ప్లాస్మా ఎక్కించి ఆ తర్వాత టీపీఏ ఇస్తారు. ప్రమాదం మీకు చెప్పిందే, మెదడులో రక్తస్రావం. అందుకని ముందు మాడు మీద ప్రోబ్ పెట్టి తల స్కానింగ్ చేస్తారు, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు, ఫైబ్రినోజెన్ ఎంత ఉన్నాయో చూస్తారు. ఈ మధ్యే ఆపరేషన్ అయినా, ఫిట్స్ వచ్చినా, పుట్టగానే ఏడవక మెదడుకి దెబ్బ తగిలినా టీపీఏ ఇవ్వడానికి వెనకాడతాం.

మూర్తి గారూ, మీ కోపం అర్థమైంది. కానీ ఈ గొట్టం లేకపోతే రోజుకి పదిసార్లు గుచ్చాల్సి వచ్చేది. కిలో ఏడు వందల బిడ్డ ఒంట్లో ఉండే రక్తం మొత్తం సుమారు 150 మిల్లీలీటర్లే, రెండు చిన్న టీ గ్లాసులకి మించదు. గొట్టం వేశారా అన్నది కాదు, రంగు మారగానే చూశారా, ఎంతసేపట్లో తీశారు అన్నది అడగాలి. ఇక్కడ సిస్టర్ వెంటనే చూశారు.

ఉక్కునగరం_మూర్తి
బుధవారం, ఉదయం 7:40

డాక్టర్ గారూ, ఆమె చూశారు సరే. చూడని చోట్ల సంగతి? మా చెల్లెలి బిడ్డ విషయంలో మధ్యాహ్నం చేతివేళ్లు నల్లబడితే రాత్రి దాకా ఎవరూ రాలేదు. రెండు వేళ్ల కొసలు పోయాయి. అందుకే అలా రాశాను.

పిల్లల_వైద్యుడు_వైజాగ్
బుధవారం, ఉదయం 7:52

అది జరగకూడనిది. మీ మాటకి నేను అడ్డు చెప్పను. గొట్టం ఎప్పుడు వేశారు, కొస ఎక్కడుందో చూసిన ఎక్స్‌రే, రంగు మారినట్టు ఎన్నింటికి రాశారు, ఈ కాగితాల నకళ్లు అడిగి తీసుకునే హక్కు తల్లిదండ్రులకి ఉంది. గాజువాక_నాన్న గారు కూడా తీసుకోవాలి. పోట్లాటకే కానక్కర్లేదు, రేపు వేరే డాక్టర్‌కి చూపించినా అవే కావాలి.

సీతమ్మధార_సుధ
బుధవారం, ఉదయం 8:30

రాత్రి పాపతో పాటు నేనూ నిద్రపోయాను, క్షమించు తమ్ముడూ.

మా పాప నెలలు నిండే పుట్టింది, రెండు కిలోల ఏడు వందలు. గుండె కవాటం ఇరుగ్గా ఉందని తొమ్మిదో రోజు తొడ ధమనిలోంచి బెలూన్ వేసి తెరిచారు. గుండె పని బాగా జరిగింది. ఆ సాయంత్రం కుడికాలు ఐసులా ఉంది. నేను చెబితే అక్కడున్న ఆవిడ "దుప్పటి జారిపోయిందమ్మా, ఏసీకి చల్లబడింది" అన్నారు. నాకేం తెలుసు, నమ్మాను. ఐదు గంటల తర్వాత డ్యూటీ మారాక వచ్చిన సిస్టర్ రెండు పాదాలూ పట్టుకుని చూసి, "ఒకటి వెచ్చగా ఒకటి చల్లగా ఎందుకుంది" అని పరుగెత్తింది. దుప్పటి జారితే రెండూ చల్లబడాలి కదా. ఆ మాట నాకు తట్టలేదని ఇప్పటికీ బాధ.

మా పాపకి హెపారిన్‌తోనే సరిపోయింది. రెండో రోజుకి పాదం గులాబీ రంగుకి వచ్చింది. తర్వాత ఇంటి దగ్గర ఆరు వారాలు ఎనాక్సాపరిన్ (హెపారిన్ లాంటి మందే) ఇంజెక్షన్, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తొడ మీద. నేనే ఇచ్చేదాన్ని. మొదటిసారి అది ఏడ్చిన దానికంటే నేను ఎక్కువ ఏడ్చాను.

ధమని పూర్తిగా తెరుచుకోలేదు, పక్కనుంచి చిన్న చిన్న నాళాలు పెరిగి సర్దుకున్నాయి. ఆ కాలు ఇప్పుడు ఒక సెంటీమీటర్ పొట్టి. చెప్పులో చిన్న అట్ట పెడతాం. ఏడాదికోసారి రెండు కాళ్లూ కొలిపిస్తాం. దీని గురించి డిశ్చార్జ్ అప్పుడు ఎవరూ చెప్పలేదు, రెండో ఏట నడక చూసి నేనే కనిపెట్టాను. మీరు మొదటినుంచీ కొలిపించండి.

గాజువాక_నాన్న
బుధవారం, ఉదయం 9:15

అక్కా, మీ పోస్ట్, నర్స్ గారి పోస్ట్ మా అత్తగారికి చదివి వినిపించాను. కాపడం మాట మళ్లీ ఎత్తలేదు. పది గంటలకి రౌండ్స్. బీపీ, మూత్రం, తల స్కానింగ్, ఈ మూడూ కాగితం మీద రాసుకున్నాను.

కవలల_అమ్మ
బుధవారం, ఉదయం 9:40

పుట్టగానే విటమిన్ కె ఇంజెక్షన్ వేస్తారు కదా, అది రక్తం గడ్డ కట్టించేదే కదా. దాని వల్ల ఇలా అయ్యుంటుందా? మా ఆడపడుచు రేపు కాన్పుకి వెళ్తోంది, వద్దని చెప్పాలా?

పిల్లల_వైద్యుడు_వైజాగ్
బుధవారం, ఉదయం 9:48

వద్దని చెప్పకండి. విటమిన్ కె రక్తనాళంలో గడ్డలు కట్టించదు. బిడ్డకి పుట్టుకతో తక్కువగా ఉన్నదాన్ని సరిపెడుతుంది, అంతే. అది వెయ్యకపోతే కొందరు పిల్లలకి తలలోనే రక్తం కారుతుంది. తప్పకుండా వేయించండి.

గాజువాక_నాన్న
బుధవారం, మధ్యాహ్నం 1:30

రౌండ్స్ అయ్యాయి. బీపీ బాగుంది, మూత్రం బాగుంది. తల స్కానింగ్‌లో చిన్న రక్తస్రావం కనిపించింది, మొదటి గ్రేడ్ అన్నారు. నెలలు తక్కువ పిల్లల్లో ఇది కనిపిస్తూ ఉంటుందట, దానంతట అదే తగ్గుతుందట. కానీ దాని వల్ల టీపీఏ ఇవ్వం అన్నారు. హెపారిన్ కూడా మోతాదు చూసుకుంటూ ఇస్తాం, రోజూ తల స్కానింగ్ చేస్తాం అన్నారు.

పాదం ఇంకా నీలంగానే ఉంది. డాప్లర్‌లో చీలమండ దగ్గర సన్నగా చప్పుడు వినపడింది. గడ్డని కరిగించే మందు ఒకటి ఉందని నిన్న చెప్పి, ఈరోజు ఇవ్వం అంటే నాకు కోపం వచ్చింది. అరిచేశాను కూడా.

లాసన్స్‌బే_రవి
బుధవారం, మధ్యాహ్నం 1:44

హైదరాబాద్ వెళ్లడమే మంచిది అన్నా. రక్తనాళాల సర్జన్ ఉంటే గడ్డని కోసి తీసేస్తారు. ఇక్కడ కూర్చుని చప్పుడు వింటే ఏం వస్తుంది?

రాత్రిడ్యూటీ_నర్స్
బుధవారం, మధ్యాహ్నం 2:02

రవి గారూ, హైదరాబాద్ రోడ్డు మీద 600 కిలోమీటర్ల పైనే. ఆక్సిజన్ మీద, హెపారిన్ పంపు మీద, తలలో చిన్న రక్తస్రావంతో ఉన్న బిడ్డని అన్ని గంటలు కుదుపుల్లో తీసుకెళ్లడం మామూలు విషయం కాదు. ఆ చప్పుడు వినడమే ఇప్పుడు అసలు పని. చప్పుడుందంటే రక్తం పారుతోంది.

పిల్లల_వైద్యుడు_వైజాగ్
బుధవారం, మధ్యాహ్నం 2:30

ఇంత చిన్న బిడ్డ తొడ ధమని బాల్‌పెన్ రీఫిల్ కంటే సన్నం. మైక్రోస్కోప్ కింద కోసి గడ్డ తీసి కుట్టగలిగే సర్జన్లు ఉన్నారు, చేసిన సందర్భాలూ ఉన్నాయి. కానీ అంత సన్నటి నాళాన్ని కుట్టాక అక్కడే మళ్లీ గడ్డ కట్టడం తేలిక. అందుకే అది చివరి మెట్టు. మీకు మనసు ఊరుకోకపోతే బిడ్డని కదపకండి, రిపోర్టులు పట్టుకుని మీరు వెళ్లండి. కేజీహెచ్ (వైజాగ్ పెద్ద ప్రభుత్వాసుపత్రి) పిల్లల విభాగంలో గానీ, వేరే ఆసుపత్రిలో పిల్లల సర్జన్‌తో గానీ మాట్లాడండి. మీ డాక్టరే ఫోన్‌లో మాట్లాడితే ఇంకా మంచిది. అలా అడిగితే నాకైతే కోపం రాదు.

మీ ప్రశ్నకి జవాబు. ఒకవైపు పాదం, ఒకవైపు మెదడు. పాదానికి సన్నగా అయినా రక్తం అందుతోంది. మెదడులో ఇప్పటికే చిన్న రక్తస్రావం ఉంది, టీపీఏ దాన్ని పెద్దది చెయ్యొచ్చు. నేనున్నా ఇవ్వను. అరిచినందుకు బాధపడకండి, తండ్రులు అరుస్తారు, మేము కూడా పిల్లలున్నవాళ్లమే.

లాసన్స్‌బే_రవి
బుధవారం, మధ్యాహ్నం 2:41

సరే, ఒప్పుకుంటున్నాను. రిపోర్టులు తీసుకుని వెళ్లడం మంచి మాట. బండి కావాలంటే చెప్పండి, నేను కేజీహెచ్ దగ్గరే పనిచేస్తాను.

మందులషాపు_మద్దిలపాలెం
బుధవారం, సాయంత్రం 4:20

మందు వైపు నుంచి ఒక మాట. హెపారిన్ సీసాలు మిల్లీలీటర్‌కి 1,000 యూనిట్లవి ఉంటాయి, 5,000 యూనిట్లవీ ఉంటాయి. చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి. 2007లో అమెరికాలో నటుడు డెన్నిస్ క్వెయిడ్ కవలలకి పుట్టిన కొద్ది రోజులకే ఇలాంటి పొరపాటు జరిగింది. 10 యూనిట్లది వాడాల్సిన చోట 10,000 యూనిట్లది వాడారు, వెయ్యి రెట్లు. పిల్లలు బతికారు. హెపారిన్‌కి విరుగుడు ప్రోటమిన్ ఉంది కాబట్టి ఇచ్చారు. భయపెట్టడానికి కాదు, ఇద్దరు సిస్టర్లు సీసా పేరు పైకి చదివి సరిచూసుకుంటుంటే విసుక్కోకండి అని చెప్పడానికి.

రాత్రిడ్యూటీ_నర్స్
బుధవారం, సాయంత్రం 4:35

నిజం. మా దగ్గర ఇద్దరం చదవందే పంపు ఆన్ చెయ్యం.

అనకాపల్లి_బెల్లం
బుధవారం, రాత్రి 8:10

మా బాబుకి రెండో రోజు కుడిచెయ్యి అదేపనిగా కొట్టుకుంటుంటే ఫిట్స్ అన్నారు. ఎంఆర్‌ఐలో మెదడు ఎడమవైపు ధమని మూసుకుపోయింది, పక్షవాతం లాంటిదే అన్నారు. పుట్టిన పిల్లలకి పక్షవాతం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. కానీ వాడికి హెపారిన్ ఇవ్వలేదు. ధమనిలో గడ్డే కదా, వీళ్లకి ఇచ్చి మాకెందుకు ఇవ్వలేదు? ఏడాదిన్నర నుంచి ఈ ప్రశ్న నాలో ఉండిపోయింది.

పిల్లల_వైద్యుడు_వైజాగ్
బుధవారం, రాత్రి 9:00

అమ్మా, మీ బిడ్డకి అన్యాయం జరగలేదు. పుట్టిన పిల్లల్లో మెదడు ధమని మూసుకుపోతే, ఫిట్స్ వచ్చి మనం కనిపెట్టేసరికే జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది. గుండెలో గడ్డ లాంటి కారణం ఏదీ లేకపోతే మళ్లీ వచ్చే అవకాశం చాలా తక్కువ. అలాంటప్పుడు పలచబరిచే మందు వల్ల లాభం కన్నా రక్తస్రావం భయమే ఎక్కువ. అందుకని ఫిట్స్ ఆపి, ఫిజియోథెరపీ మొదలుపెడతాం. కాలిలో గడ్డ అయితే కాపాడుకోవడానికి అవతల కాలు ఇంకా బతికే ఉంది. తేడా అదే.

బాబు రెండు చేతులూ వాడుతున్నాడా? ఏడాది నిండకముందే ఒకే చేత్తో అన్నీ అందుకుంటుంటే రెండో చెయ్యి బలహీనంగా ఉందని అనుమానించాలి.

అనకాపల్లి_బెల్లం
బుధవారం, రాత్రి 9:12

కుడిచెయ్యి కొంచెం తక్కువే వాడతాడు. వారానికి మూడుసార్లు థెరపీకి తీసుకెళ్తున్నాం. ఈమధ్య కుడిచేత్తో జంతిక పట్టుకున్నాడు. థాంక్యూ డాక్టర్ గారూ, ఈరోజు నిద్రపోతాను.

నర్సీపట్నం_శ్రీను
గురువారం, ఉదయం 10:05

మాది మేనరికం. మా మొదటి పాపకి మూడో రోజు ఒంటి మీద ఊదా నల్ల మచ్చలు లేచి రక్తం గడ్డలన్నారు, దక్కలేదు. గొట్టాలేవీ వెయ్యలేదు. మేనరికం వల్లేనా?

పిల్లల_వైద్యుడు_వైజాగ్
గురువారం, ఉదయం 10:40

శ్రీను గారూ, చాలా బాధగా ఉంది. గొట్టం లేకుండా, పుట్టిన కొద్ది రోజుల్లోనే చర్మం మీద అలాంటి మచ్చలు వస్తే ప్రోటీన్ సి అనే పదార్థం పూర్తిగా లేకపోవడం ఒక కారణం కావచ్చు. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఆ లోపం వస్తే అలా అవుతుంది, మేనరికంలో ఆ అవకాశం ఎక్కువ. అదే అని నేను ఇక్కడి నుంచి చెప్పలేను, తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో కూడా అలాంటి మచ్చలు వస్తాయి. మీ ఇద్దరికీ రక్తపరీక్ష చేస్తే తెలుస్తుంది. తర్వాతి కాన్పుకి ముందే చేయించుకోండి. ప్రోటీన్ సి లోపమే అయితే పుట్టిన గంటల్లోనే చికిత్స మొదలుపెట్టొచ్చు.

నర్సీపట్నం_శ్రీను
గురువారం, ఉదయం 10:46

ఇప్పుడు ఐదో నెల సార్. సోమవారమే వైజాగ్ వస్తాం.

గాజువాక_నాన్న
శుక్రవారం, ఉదయం 6:50

పాదం రంగు మారింది! చీలమండ నుంచి వేళ్ల మొదళ్ల దాకా గులాబీగా ఉంది. సిస్టర్ నా వేలు పట్టుకుని బాబు పాదం మీద పెట్టించారు, వెచ్చగా ఉంది. తలలో రక్తస్రావం పెరగలేదు. చివరి రెండు వేళ్ల కొసలు మాత్రం నల్లగానే ఉన్నాయి. వాటిని తీసేస్తారా అని అడిగితే ఇప్పుడేం చెయ్యం, చూద్దాం అన్నారు.

నిన్న రవి గారు బండి మీద తీసుకెళ్లారు, పెద్ద డాక్టర్ రిపోర్టులన్నీ చూసి ఇదే చికిత్స కొనసాగించండి అన్నారు. నా భార్యకి అంతా చెప్పేశాను. చక్రాల కుర్చీలో పైకి తీసుకెళ్లాను, చూసింది.

సీతమ్మధార_సుధ
శుక్రవారం, ఉదయం 6:58

ఏడుస్తున్నాను తమ్ముడూ, సంతోషంతోనే.

పెందుర్తి_మామ్మ
శుక్రవారం, ఉదయం 7:15

అప్పన్న దయ. ఎనిమిదో నెల మాట ఇంక జన్మలో అనను.

పిల్లల_వైద్యుడు_వైజాగ్
శుక్రవారం, ఉదయం 8:20

చాలా సంతోషం. వేళ్ల విషయంలో తొందరపడకపోవడమే సరైన పని. మొదట నల్లగా కనిపించినంత మేర పోదు, చాలాసార్లు పైచర్మమే ఊడి కింద బాగుంటుంది. పోయేది ఉంటే దానంతట అదే ఎండి, గీత గీసినట్టు విడిపోతుంది. కొన్ని వారాలు పడుతుంది. పొడిగా, శుభ్రంగా ఉంచితే చాలు, ఆకుపసర్లు, పసుపు, ఏమీ రాయకండి.

గాజువాక_నాన్న
మూడు వారాల తర్వాత, ఆదివారం

ఇంటికి వచ్చేశాం. బాబు ఇప్పుడు రెండు కిలోలు. ఒక వేలు పూర్తిగా బాగుపడింది. చిటికెన వేలి కొస ఎండి రాలిపోయింది, గోరంత మేర. మిగతా పాదమంతా బాగుంది. ఎనాక్సాపరిన్ ఇంటి దగ్గర ఇవ్వాలి, రోజుకి రెండుసార్లు, మూడు మిల్లీగ్రాములు. మా నాన్నగారికి గుండెపోటు వచ్చినప్పుడు కిలోకి ఒక మిల్లీగ్రాము అన్నారు. వీడికి కిలోకి ఒకటిన్నర ఎందుకు? సుధక్కా, సిరంజి ఎలా పట్టుకునేవారు?

పిల్లల_వైద్యుడు_వైజాగ్
ఆదివారం

రెండు నెలల లోపు పిల్లల్లో ఈ మందు ఒంట్లోంచి త్వరగా బయటికి పోతుంది. పైగా మందు పనిచేయడానికి కావలసిన యాంటీథ్రాంబిన్ వాళ్లలో పెద్దవాళ్లకున్న దాంట్లో సగమే ఉంటుంది. అందుకే కిలో లెక్కన ఎక్కువ. సరిపోతోందా అని ఇంజెక్షన్ ఇచ్చిన నాలుగు నుంచి ఆరు గంటల మధ్య రక్తం తీసి యాంటీ టెన్ ఏ పరీక్ష చేస్తారు, 0.5 నుంచి 1 మధ్య ఉండాలి. బరువు పెరిగే కొద్దీ మోతాదు మార్పించుకోవాలి. టీకాలకి వెళ్లినప్పుడు ఈ మందు వాడుతున్నామని ముందే చెప్పండి.

మందులషాపు_మద్దిలపాలెం
ఆదివారం

ఇక్కడ అందరూ ఆగి చదవాలి. పెద్దవాళ్ల ఎనాక్సాపరిన్‌లో ఒక మిల్లీలీటర్‌కి 100 మిల్లీగ్రాములు ఉంటాయి. మూడు మిల్లీగ్రాములంటే 0.03 మిల్లీలీటర్, ఒక బొట్టంత. అందుకని కొన్ని చోట్ల పలచన చేసి ఇస్తారు, కొన్ని చోట్ల ఇన్సులిన్ సిరంజితో లాగమంటారు. మన దేశంలో ఇన్సులిన్ సిరంజిలు రెండు రకాలు. నారింజ మూతది 100 రకం, అందులో ఒక యూనిట్ అంటే ఒక మిల్లీగ్రాము. ఎర్ర మూతది 40 రకం, అందులో ఒక యూనిట్ అంటే రెండున్నర మిల్లీగ్రాములు. ఎర్రదానితో మూడు యూనిట్లు లాగితే బిడ్డకి ఏడున్నర మిల్లీగ్రాములు పోతాయి. షాపులో "ఇన్సులిన్ సిరంజి ఇవ్వండి" అంటే ఏది చేతికొస్తే అది ఇస్తారు. మీ ఆసుపత్రిలో ఏ సిరంజితో నేర్పారో అదే చూపించి అడగండి.

సీతమ్మధార_సుధ
ఆదివారం

ఇది నాకు నాలుగేళ్ల క్రితం ఎవరైనా చెప్పి ఉంటే! నారింజ మూతతో నాలుగో యూనిట్ దాకా లాగేదాన్ని. ఒకసారి షాపతను ఎర్రది ఇచ్చాడు. గీతలు వేరేగా కనపడి ఆసుపత్రికి ఫోన్ చేశాను కాబట్టి సరిపోయింది.

పట్టుకోవడం అంటావా, మీ ఆవిడ పాలిస్తుండగా నువ్వు ఇవ్వు. తొడ మీద చర్మం రెండు వేళ్లతో పైకి తీసి గుచ్చాలి. పొద్దున ఒక తొడ, రాత్రి ఒక తొడ. తర్వాత రుద్దకూడదు, దూదితో నొక్కి పట్టుకోవాలంతే. ఎక్కడైనా నీలం మచ్చలు ఎక్కువైనా, పాలు తాగకుండా మగతగా ఉన్నా, మాడు ఉబ్బినా వెంటనే బయల్దేరు.

గాజువాక_నాన్న
ఆదివారం

ఇప్పుడే వెళ్లి చూశాను. మాకిచ్చినవి నారింజ మూతవే. గోడ మీద కాగితం అంటించాను: నారింజ, మూడో యూనిట్.

గాజువాక_అమ్మ
రెండు నెలల తర్వాత, శనివారం

నేను బాబు అమ్మని. మొదటి రాత్రి ఈయన ఇక్కడ రాస్తున్నప్పుడు నాకేమీ తెలియదు. మొన్న మొత్తం చదివాను, రెండుసార్లు. మూర్తి గారి చెల్లెలి బిడ్డ గురించి చదివినప్పుడు మా సిస్టర్ గుర్తొచ్చింది, నిన్న వెళ్లి ఆవిడని కలిసి వచ్చాను.

నిన్న డాప్లర్ చేశారు. తొడ ధమనిలో గడ్డ లేదు, రక్తం బాగా పారుతోంది. ఇంజెక్షన్లు ఆపేశారు. మూడు నెలలకోసారి కాళ్లు కొలవమన్నారు, బీపీ చూడమన్నారు. సుధక్కా, ఇప్పటికి రెండు కాళ్లూ సమానం. బారసాల వచ్చే ఆదివారం పెట్టుకున్నాం. మామ్మగారూ, పెందుర్తి నుంచి మిమ్మల్ని తీసుకురావడానికి రవి గారు బండి పంపిస్తామన్నారు.

నారింజ మూత సిరంజిలు సీలు తియ్యనివి ఇంకా రెండు ప్యాకెట్లు ఉన్నాయి. ఎవరికైనా పనికొస్తాయా?

పెందుర్తి_మామ్మ
శనివారం

వస్తాను తల్లీ. ఆముదం మాత్రం తేను.

ఆరిలోవ_కొత్త
శనివారం

నాకు కావాలండీ. మా పాపకి పదకొండు రోజులు, మొన్న చేతి ధమనిలో గడ్డ వచ్చింది, రేపు డిశ్చార్జ్. నిన్నటి నుంచి ఇదే చదువుతున్నాను. సిరంజి రంగు సంగతి ఇక్కడే తెలిసింది, పొద్దున వెళ్లి సిస్టర్‌ని అడిగితే మాకూ 100 రకమే అన్నారు. గాజువాకలో ఎక్కడికి రమ్మంటారు?